పేరయ్యా, సైటా, యాపా: ఆటిజం ఉన్నవాళ్ళు తోడు వెతుక్కునే దారులు

"జాతకాలు కుదరలేదండీ" అంటే మన వైపు అర్థం ఒకటే, సంబంధం నచ్చలేదని. ఆటిజం, అంటే పుట్టుకతో వచ్చే ఒక మెదడు తీరు, ఉన్న మనిషి ఆ మాటను ఉన్నదున్నట్టు తీసుకుంటారు. మర్నాడు ఇంకో సిద్ధాంతికి చూపించి, 36 గుణాల్లో 24 కలిశాయని చీటీ రాయించుకుని, దాన్ని ఫొటో తీసి అవతలివాళ్ళకు వాట్సాప్‌లో పంపుతారు. జవాబు రాదు. ఎందుకు రాలేదో ఇంట్లో ఎవరూ విడమరిచి చెప్పరు.

ప్రేమ, తోడు, తనకంటూ ఓ ఇల్లు కావాలన్న కోరిక ఆటిజం ఉన్నవాళ్ళలో చాలామందికి అందరిలాగే ఉంటుంది. అడ్డం పడేది నోటితో చెప్పని సంగతులు. బ్రిటన్‌లో ఆటిజం ఉన్న సామాజిక శాస్త్రవేత్త డేమియన్ మిల్టన్ 2012లో ఒక మాట తేల్చి చెప్పారు: ఈ అపార్థం ఒకవైపుది కాదు, ఆటిజం లేనివాళ్ళకూ ఆటిజం ఉన్నవాళ్ళ మనసు అంతే తక్కువగా అందుతుంది. కాబట్టి విజయవాడ, గుంటూరుల్లో ఉన్న దారుల్ని పోల్చేటప్పుడు ఎక్కడ ఎక్కువమంది దొరుకుతారన్న లెక్క రెండోది. ఎక్కడ సూటిగా అడగవచ్చు, సూటిగా జవాబు వస్తుంది, ఆటిజం సంగతి ఎవరి నోటి నుంచి బయటికొస్తుంది అన్నవి మొదటివి.

ఇది తమ పెళ్ళి గురించి, తమ స్నేహం గురించి తాము నిర్ణయించుకోగల పెద్దవాళ్ళ కోసం. డాక్టరు నిర్ధారించినవాళ్ళకే కాదు, "నాకూ అదేనేమో" అనుకుంటున్నవాళ్ళకూ పనికొస్తుంది.

## ఏ దారినైనా తూచాల్సిన రాళ్ళు

ఉద్దేశం ముందే తెలుస్తుందా? ఎదుటి మనిషి పెళ్ళి కోసం వచ్చారా, కాలక్షేపానికా, స్నేహానికా అన్నది ఊహించుకోవాల్సి వస్తే అక్కడే దెబ్బ తగులుతుంది.

రాతలో ఎంత, ఎదురెదురుగా ఎంత? చాలామందికి టైపు చేయడం తేలిక. ఆలోచించుకునే వ్యవధి ఉంటుంది, మొహం చూసి భావం పట్టుకోవాల్సిన పని తప్పుతుంది. కొందరికి తిరగబడి ఉంటుంది. రాతలో హాస్యమేదో, ఎత్తిపొడుపేదో తెలియక గొంతు వింటేనే నయమంటారు. మీరు ఏ రకమో ముందు తేల్చుకోండి.

చెవికి, కంటికి, ఒంటికి పడే బరువు. జనం, వాసనలు, ట్యూబ్‌లైట్ల మినుకు, ముట్టుకోవడం.

కాదనే వీలు. నచ్చకపోతే ఒక మెసేజ్‌తో తప్పుకోవచ్చా, లేక రెండు కుటుంబాల మొహాలు చూసుకోవాలా?

ఆటిజం సంగతి ఎవరి చేతిలో ఉంది? దీన్ని మిగతా అన్నిటికంటే పైన పెట్టాలి. మీరు చెప్పాల్సింది మీకు తెలియకుండా అమ్మ దాచినా, మీరు చెప్పకూడదనుకున్నది మధ్యవర్తి గుంటూరు బ్రాడీపేట అంతా చెప్పినా, తర్వాత సరిచేసుకోవడం కష్టం.

| దారి | ఉద్దేశం | రాత / ఎదుట | ఒంటిమీద భారం | కాదనడం | ఎవరు చెబుతారు | మోసం భయం |
|---|---|---|---|---|---|---|
| ఇంటివాళ్ళ సంబంధం | పూర్తిగా స్పష్టం | ఎదుటే | బాగా ఎక్కువ | కష్టం | తల్లిదండ్రులు, తరచుగా ఎవరూ చెప్పరు | తక్కువ |
| బ్యూరో, మాట్రిమోనీ సైటు | స్పష్టం | మొదట రాత | మధ్యస్థం | తేలిక | ఖాతా ఎవరు నడిపితే వాళ్ళు | మధ్యస్థం |
| డేటింగ్ యాప్ | గందరగోళం | రాత | తక్కువ, కలిసేదాకా | అతి తేలిక | మీరే | ఎక్కువ |
| ఇష్టమైన పని చుట్టూ | ఉండదు | ఎదుటే, పని మధ్యలో | మీరెంచుకున్నంత | తేలికే, కానీ మళ్ళీ మొహం చూడాలి | మీరే | తక్కువ |
| ఆటిజం ఉన్నవాళ్ళ బృందాలు | మెల్లగా తేలుతుంది | ఎక్కువగా రాత | తక్కువ | తేలిక | చెప్పే పనే లేదు | తక్కువ |

## ఇంటివాళ్ళు తెచ్చే సంబంధం

ఇంగ్లీషు పుస్తకాలు చదివినవాళ్ళు దీన్ని చూడగానే కొట్టిపారేస్తారు. తొందరపాటు. నిర్మాణంలో ఇది ఆటిజం ఉన్నవాళ్ళకు చాలా అనుకూలమైన పద్ధతి. అందరూ ఎందుకొచ్చారో అందరికీ తెలుసు. చదువు, జీతం, ఎత్తు, ఊరు కాగితం మీద ఉంటాయి. పెళ్ళిచూపులకు ఒక వరస ఉంటుంది: కాఫీలు, స్వీటు, నాలుగు ప్రశ్నలు, తర్వాత "ఇద్దరూ కాసేపు మాట్లాడుకోండి". ముందే తెలిసిన వరస ఉన్నచోట ఆటిజం ఉన్న మనిషి చాలాసార్లు మిగతావాళ్ళకంటే నిబ్బరంగా ఉంటారు.

చెడేది మూడు చోట్ల. మొదటిది దాపరికం. "పెళ్ళయితే అదే సర్దుకుంటుంది" అన్న మాట మన ఇళ్ళలో ఇప్పటికీ నడుస్తోంది. సర్దుకోదు. ఆటిజం పుట్టుకతో వచ్చే మెదడు తీరు. కొత్త ఇల్లు, కొత్త మనుషులు, కొత్త వేళలు ఒక్కసారిగా మీదపడితే మొదటి ఆరు నెలల్లో అలసట పెరుగుతుందే కాని తగ్గదు.

రెండోది తొందర. పొద్దున చూపులు, సాయంత్రానికల్లా మాట చెప్పాలి. తన మనసులో ఏముందో తనకే ఆలస్యంగా తెలిసే లక్షణం ఆటిజం ఉన్నవాళ్ళలో ఎక్కువ. నచ్చిందా అని అడిగితే "ఏమో" అంటారు. ఆ "ఏమో"ను ఇంట్లోవాళ్ళు సిగ్గుగా, సమ్మతిగా లెక్కేస్తారు.

మూడోది గది. పన్నెండుమంది ఒకే హాల్లో, ఫ్యాను, టీవీ, పట్టుబట్టలు, మల్లెపూలు, అత్తరు, పిల్లల అరుపులు, పైగా అందరి చూపూ ఒకరి మీద. అప్పుడు మాట ఆగిపోతే "పిల్లాడు పొగరుగా ఉన్నాడు" అనో, "పిల్ల మొద్దు" అనో పేరుపడుతుంది.

ఆడపిల్లల విషయంలో ఇంకో వల ఉంది. గోలకు ముడుచుకుపోయి మాట్లాడని అమ్మాయిని "నోట్లో నాలుక లేని పిల్ల" అని మెచ్చుకుంటారు, చకచకా సంబంధాలొస్తాయి. ఆ నిశ్శబ్దం అణకువ అనుకుని కోడలిని చేసుకున్నవాళ్ళకు, మూడు కుక్కర్లు కూతపెట్టే వంటింట్లో ఆమె చెవులు మూసుకుని బయటికెళ్ళిపోతే అర్థం కాదు. అమ్మాయిలు చిన్నప్పటి నుంచీ ఇతరుల్ని చూసి అనుకరించడం నేర్చుకుంటారు. అందుకే వాళ్ళలో ఆటిజం గుర్తింపు ఆలస్యమవుతుంది, పెళ్ళయ్యాక బయటపడే సందర్భాలూ ఉంటాయి.

ఈ దారినే ఎంచుకుంటే మార్చాల్సినవి:

- చూపులకు రెండు వైపులా కలిపి ఆరుగురు మించకూడదు. టీవీ బంద్. వేళ పొద్దున 11 గంటలకు. సాయంత్రానికి రోజంతటి అలసట చేరి ఉంటుంది.
- అడగబోయే ప్రశ్నలు రెండు వైపులవాళ్ళూ రెండు రోజుల ముందే వాట్సాప్‌లో పంపుకోవాలి. కొంచెం వింతగా అనిపించినా ఎవరూ కాదనరు. ఉద్యోగం, ఊరు మారడం, పిల్లలు, అత్తమామలతో కలిసి ఉండటం లాంటివి అటువాళ్ళకూ కావాల్సిన ప్రశ్నలే.
- ఆ రోజు అవుననీ కాదనీ చెప్పేది లేదని ముందే అనుకోవాలి. వారం వ్యవధి, కనీసం మూడు కలయికలు, అందులో రెండు ఇద్దరే.
- మధ్యవర్తి తెచ్చే ప్రతి కబురునీ ఇంట్లో ఒకరు, అక్కో బాబాయో, మామూలు తెలుగులోకి విప్పి చెప్పాలి.

ఆ చివరిదానికి చిన్న నిఘంటువు ఇది.

| అన్న మాట | చాలాసార్లు అర్థం | చేయాల్సింది |
|---|---|---|
| జాతకాలు కుదరలేదు | వద్దు | మళ్ళీ అడగవద్దు |
| మళ్ళీ కబురు చేస్తాం | 10 రోజుల్లో రాకపోతే వద్దనే | 10వ రోజున ఒక్క ఫోన్, అంతే |
| అమ్మాయి ఇంకా చదువుకుంటానంటోంది | వద్దు | వదిలేయండి |
| పెద్దాయన్ని అడిగి చెబుతాం | ఇంకో సంబంధంతో పోల్చుకుంటున్నారు | వారం ఆగండి |
| అబ్బాయి బాగా రిజర్వ్‌డ్ అనుకుంటా | అనుమానం ఉంది, ఇంకా కాదనలేదు | ఆటిజం గురించి చెప్పడానికి తగిన సమయం ఇదే |

## బ్యూరోలు, సైట్లు

పేరయ్య స్థానంలో ఇప్పుడు కులాలవారీ బ్యూరోలు, వాట్సాప్ గ్రూపులు వచ్చాయి. చేరేటప్పుడు ఒక ఫీజు, కుదిరాక ఒకటి అడిగేవాళ్ళే ఎక్కువ. రెండూ ఎంతో కాగితం మీద రాయించుకుని రసీదు తీసుకోండి. బ్యూరోలో ఒక లాభం ఉంది. నడిపే మనిషిని అడిగితే అవతలివాళ్ళు ఎందుకు వద్దన్నారో సూటిగా చెబుతారు, చెప్పడం వాళ్ళకు మొహమాటం కాదు. నష్టం కూడా ఆ మనిషే. వాళ్ళకు చెప్పినది ఊరందరికీ చెప్పినట్టే. ఆటిజం అన్న పదం బ్యూరో ఫారంలో రాయకండి; "గోలలేని ఇల్లు ఇష్టం, సూటిగా మాట్లాడే మనిషి కావాలి" అని రాస్తే చాలు, మిగతాది నేరుగా ఎదుటి మనిషికే చెప్పాలి.

సైట్లలో చిక్కు ఒక్క గడి. శారీరక స్థితి అనే చోట మామూలు, దివ్యాంగులు అని రెండే ఉంటాయి. ఆటిజం రెండింట్లోనూ సరిగ్గా ఇమడదు. మామూలు అని పెట్టడం అబద్ధం కాదు, శరీరం గురించే ఆ ప్రశ్న. అయితే 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టంలోని 21 వైకల్యాల్లో ఆటిజం ఉంది కాబట్టి, ధ్రువపత్రం తీసుకున్నవాళ్ళు, రోజువారీ సాయం అవసరమైనవాళ్ళు రెండోది పెట్టడమే మేలు. ఎబిలిటీ మాట్రిమోనీ లాంటి ప్రత్యేక సైట్లూ ఉన్నాయి. అక్కడ మనుషులు తక్కువ, కానీ మొదటి సంభాషణ భయం లేకుండా మొదలవుతుంది.

ఖాతా ఎవరు నడుపుతున్నారో కచ్చితంగా తేల్చుకోండి. "ప్రొఫైల్ తల్లిదండ్రులు సృష్టించారు" అని ఉన్నచోట మీరు మాట్లాడేది అమ్మాయితో కాదు, వాళ్ళ నాన్నతో. మొదటి మెసేజ్‌లోనే "నేను మాట్లాడుతున్నది ఎవరితోనండీ?" అని అడగడం తప్పు కాదు.

## డేటింగ్ యాప్‌లు

హైదరాబాద్‌లో కనిపించినంతమంది ఇక్కడ కనిపించరు. దూరం 40 కిలోమీటర్లు పెట్టుకుంటే విజయవాడ, మంగళగిరి, గుంటూరు మూడూ వస్తాయి. అంతకు తగ్గిస్తే రెండు రోజుల్లో అవే మొహాలు. తెలిసినవాళ్ళ కంటబడే అవకాశం కూడా ఊరు చిన్నదైనకొద్దీ పెరుగుతుంది.

యాప్‌ల మధ్య కూడా తేడా ఉంది. హింజ్‌లో మూడు ప్రశ్నలకు జవాబులు రాయాలి, ఎదుటివాళ్ళు ఏదో ఒక జవాబును పట్టుకుని పలకరిస్తారు. మాట ఎక్కడ మొదలుపెట్టాలో తెలియనివారికి ఇది మేలు. బంబుల్‌లో జోడీ కలిశాక 24 గంటల్లో పలకరింపు పడకపోతే జోడీ రద్దవుతుంది. గడియారం చూస్తే కంగారుపడేవాళ్ళకు అది చెడ్డది. టిండర్‌లో ఫొటోదే రాజ్యం.

ఉద్దేశం ఊహించుకోవద్దు. మూడో రోజు మాటల్లోనే అడగండి: "నేను పెళ్ళి దాకా వెళ్ళే బంధం కోసం చూస్తున్నాను. మీరు?" జవాబు డొంకతిరుగుడుగా వస్తే అది లేదనే.

మాటను మాటగా నమ్మే స్వభావం ఇక్కడ ప్రమాదం. వరస ఎప్పుడూ ఒకటే: రెండు వారాలు విపరీతమైన ఆప్యాయత, వీడియో కాల్‌కు ఏదో సాకు, తర్వాత కస్టమ్స్‌లో ఆగిన బహుమతో, ఆసుపత్రి ఖర్చో, లాభాలొచ్చే పెట్టుబడో. ఇంకో రకం వీడియో కాల్‌లోనే బట్టలు తీయమని, రికార్డు చేసి బెదిరించడం. అందుకే ఆలోచన అక్కర్లేని గట్టి నియమాలు పెట్టుకోండి: కలవని మనిషికి ఒక్క రూపాయి పంపను, మొహం కనిపించే మామూలు వీడియో కాల్ లేకుండా కలవను, నగ్నంగా కెమెరా ముందుకు రాను. డబ్బు పోతే గంటల్లోనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి. ఎంత తొందరగా చేస్తే ఆ డబ్బును బ్యాంకులో ఆపించే అవకాశం అంత ఎక్కువ.

తిరుగు ప్రమాదం కూడా ఉంది, దాన్ని దాచడం న్యాయం కాదు. మన సినిమాల్లో హీరో వద్దన్న అమ్మాయి వెంట పదిసార్లు పడతాడు, పదకొండోసారి ఆమె నవ్వుతుంది. దాన్ని నియమంగా నేర్చుకున్నవాళ్ళు చిక్కుల్లో పడతారు. వద్దని తెలిశాక కూడా అమ్మాయి వెంటపడటం, మళ్ళీ మళ్ళీ మెసేజ్‌లు పెట్టడం భారతీయ న్యాయ సంహిత 78వ సెక్షన్ కింద నేరం. లెక్క పెట్టుకోండి: జవాబు లేని మెసేజ్‌లు వరసగా రెండు. మూడోది పంపకూడదు, ఇంకో నంబరు నుంచి అసలే కూడదు.

స్వలింగ ప్రేమికులకు మాత్రం మొదటి రెండు దారులూ దాదాపు మూసుకున్నట్టే. 2023 అక్టోబరులో సుప్రీంకోర్టు స్వలింగ వివాహానికి గుర్తింపు ఇవ్వలేదు. యాప్‌లు, బృందాలే మిగులుతాయి.

## ఇష్టమైన పని చుట్టూ మనుషులు

ఒకే విషయం మీద గంటలు మాట్లాడగలగడం పెళ్ళిచూపుల్లో లోపం, ఇక్కడ బలం. కోనేరు హంపి, ద్రోణవల్లి హారిక ఈ నేల నుంచి వచ్చినవాళ్ళే. చదరంగానికి ఇక్కడ కొదవ లేదు. అయితే అకాడమీల నిండా పిల్లలే, పెద్దవాళ్ళు కావాలంటే ఓపెన్ టోర్నమెంట్లకు వెళ్ళాలి. జనవరిలో జరిగే విజయవాడ పుస్తక మహోత్సవానికి ఆదివారం సాయంత్రం కాకుండా మామూలు రోజు, గేటు తీయగానే వెళ్ళండి. గుంటూరు దగ్గర ఉప్పలపాడులో పక్షుల్ని చూసేవాళ్ళు, కొండపల్లి, కొండవీడు ఎక్కేవాళ్ళు, రక్తదాన శిబిరాలు నడిపేవాళ్ళు కూడా మనుషులే.

దీని బలహీనత నిదానం. ఏడాది వెళ్ళినా ఒక్కరు దొరకకపోవచ్చు. పైగా స్నేహమా, అంతకంటే ఎక్కువా అన్న గీత ఎక్కడా రాసి ఉండదు. ఆరేడుసార్లు కలిశాక ఒక్కసారి అడగండి: "గుంపులో కాకుండా మనిద్దరం కాఫీకి వెళ్దామా? స్నేహం కంటే ఎక్కువ ఆలోచనతోనే అడుగుతున్నా. వద్దంటే ఇబ్బందేం లేదు, ఆదివారాలు మామూలుగానే వస్తా." ఆ చివరి వాక్యాన్ని నిజంగా నిలబెట్టుకోవాలి.

## ఆటిజం ఉన్నవాళ్ళ మధ్యే

ఆటిజం ఉన్న ఇద్దరి మధ్య సమాచారం చక్కగానే సాగుతుందని, చిక్కు రెండు రకాలవాళ్ళు కలిసినప్పుడేనని 2020లో కేథరిన్ క్రాంప్టన్ బృందం చేసిన పరిశోధన చూపించింది. వివరించుకోవాల్సిన పని తగ్గడం చిన్న సుఖం కాదు.

అయినా ఇద్దరికీ ఆటిజం ఉంటే చాలు జోడీ కుదిరినట్టే అనుకోవద్దు. ఒకరికి నిశ్శబ్దం కావాలి, ఇంకొకరు పాట పెట్టనిదే కుదురుగా ఉండలేరు. కరెంటు బిల్లు, గ్యాస్ బుకింగ్, ఫోన్ ఎత్తడం ఇద్దరికీ కష్టమైతే ఆ పనులు ఎవరివో రాసుకోవాలి. ఆటిజం ఉన్నవాళ్ళ కోసమే పెట్టిన హికీ లాంటి యాప్‌లున్నా మన జిల్లాల దూరంలో వెతికితే ఖాళీగా కనిపించే అవకాశమే ఎక్కువ. ఆన్‌లైన్ బృందాల్లో దొరికేవాళ్ళు హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో ఉంటారు. ఊరు మారడానికి మీరు సిద్ధమేనా అన్నది ముందే తేల్చుకోండి. స్థానికంగా ఉన్న బృందాలు ఎక్కువగా చిన్నపిల్లల తల్లిదండ్రులవి. అక్కడ తోడు దొరకదు.

## ఎవరికి ఏది

పెళ్ళే కావాలి, ఇంట్లోవాళ్ళతో ఆటిజం గురించి బాహాటంగా మాట్లాడుకోగలరు అంటే ఇంటి సంబంధమే, పైన చెప్పిన మార్పులతో. ఇంట్లోవాళ్ళు ఆ పదమే ఎత్తనివ్వకపోతే, వాళ్ళు తెచ్చే సంబంధానికి ఒప్పుకోవడం మిగతా అన్నిటికంటే ప్రమాదం. సైటులో మీ ఖాతా మీరే తెరిచి నడపండి.

పెళ్ళి తర్వాత చూద్దాం, ముందు ఒక మనిషితో సన్నిహితంగా ఉండటం నేర్చుకోవాలి అనుకునేవాళ్ళకు యాప్ కంటే ఇష్టమైన పనే నయం. యాప్‌లో తిరస్కారాలు వారానికి ఇరవై వస్తాయి, ఏదీ కారణం చెప్పదు. ఒక్కో తిరస్కారాన్ని నెలరోజులు నెమరేసుకునే తత్వమైతే దాని జోలికి పోకండి.

ఆటిజం బయటపడకుండా చాలాకాలంగా నటించి అలసిపోయి, ఉద్యోగమే కష్టంగా ఈడుస్తున్నవాళ్ళకు ఇప్పట్లో ఏదీ వద్దు. ఆరు నెలలు వాయిదా వేస్తే ఏమీ కొంపలు మునగవు. నిద్ర పట్టక, దిగులు వదలకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్‌కు, 14416కు, ఫోన్ చేయవచ్చు, తెలుగులో మాట్లాడతారు.

## చెప్పడం: ఎప్పుడు, ఏ మాటల్లో

ఇంటి సంబంధంలో రెండో కలయికలో, తాంబూలాలకు ముందు. సైటులో ఫోన్ నంబర్లు మారాక, కుటుంబాలు కలవక ముందు. యాప్‌లో మొదటి కలయికకు ముందో తర్వాతో మీ ఇష్టం, మూడో కలయిక దాటనివ్వకండి. నోటితో చెప్పినా అదే రోజు మెసేజ్‌గా కూడా పంపండి. మర్చిపోకుండా ఉంటుంది, చెప్పారనడానికి రుజువూ ఉంటుంది.

ఒట్టి పేరు చెబితే ఎదుటివాళ్ళకు టీవీలో చూసిన పిల్లవాడు గుర్తొస్తాడు. పేరు, మీలో అది కనిపించే మూడు చోట్లు, ఏం చేస్తే తేలికవుతుందో, ఈ వరసలో చెప్పండి:

"నాకు ఆటిజం ఉంది. పుట్టుకతో వచ్చింది, మందులతో పోయేది కాదు. నా విషయంలో మూడుచోట్ల తెలుస్తుంది. గోల ఎక్కువైతే నాకు మాట రాదు, అరగంట ఒంటరిగా ఉంటే సర్దుకుంటా. చెప్పకుండా ప్లాను మార్చితే కంగారుపడతా, ముందురోజు చెబితే చాలు. మీ మొహం చూసి కోపమో బాధో కనిపెట్టలేను, నోటితో చెప్పండి, తప్పుగా అనుకోను. ఏమడిగినా చెబుతా. జవాబు ఇప్పుడే అక్కర్లేదు."

నిర్ధారణ లేనివాళ్ళు మానసిక వైద్యుల దగ్గరో, క్లినికల్ సైకాలజిస్టు దగ్గరో పరీక్ష చేయించుకోవచ్చు. ధ్రువపత్రం కోసం వాడే భారతీయ కొలమానంలో 40 అంశాలుంటాయి, మొత్తం స్కోరు 70కి తక్కువ వస్తే ఆటిజం లేనట్టు. పెద్దయ్యాక వెళ్ళేవాళ్ళు చిన్నప్పటి సంగతులు తెలిసిన అమ్మనో పెద్దమ్మనో తీసుకెళ్ళాలి. మాటలు ఎప్పుడొచ్చాయి, బళ్ళో ఎలా ఉండేవారు అని అడుగుతారు.

చట్టం సంగతి క్లుప్తంగా. ఆటిజం ఉన్నంతమాత్రాన పెళ్ళి చెల్లదని ఎక్కడా లేదు. 1955 హిందూ వివాహ చట్టం చూసేది సరైన సమ్మతి ఇవ్వగలరా, పెళ్ళికీ పిల్లల్ని కనడానికీ తగనంత మానసిక రుగ్మత ఉందా అన్నదాన్ని. కానీ ముఖ్యమైన సంగతి మోసంతో దాచారని రుజువైతే, బయటపడిన ఏడాదిలోపు పెళ్ళి రద్దు కోరుతూ 12వ సెక్షన్ కింద కోర్టుకు వెళ్ళవచ్చు. దాస్తే బాగుపడుతుందనుకునే తల్లిదండ్రులు ఇది రెండుసార్లు చదవాలి.

## మొదటిసారి ఎక్కడ కలవాలి

ఎదురెదురుగా కూర్చునేచోటు కన్నా పక్కపక్కన నడిచే చోటు నయం, కళ్ళలోకి చూడాల్సిన పని ఉండదు. ఉండవల్లి గుహలు పొద్దున తొమ్మిదింటికి బాగుంటాయి, ఎండెక్కితే రాయి కాలుతుంది. బందరు రోడ్డులోని బాపు మ్యూజియంలో మాట ఆగినా చూడటానికి ఏదో ఒకటి ఉంటుంది. ఉప్పలపాడులో కొంగల్ని చూస్తూ గంట గడపవచ్చు, కాకపోతే చెరువు దగ్గర రెట్టల వాసన ఘాటుగా ఉంటుంది, ముక్కు సున్నితమైతే వద్దు. మాల్‌లో ఫుడ్‌కోర్టు ఆదివారం సాయంత్రం నరకం, మంగళవారం పొద్దున 11 గంటలకు ఫరవాలేదు. భవానీ ద్వీపం మొదటిసారికి వద్దే వద్దు. తిరుగు పడవ వచ్చేదాకా కదలలేరు.

వ్యవధి 45 నిమిషాలని ముందే చెప్పుకోండి. ఎవరి బండి మీద వాళ్ళు రండి. ఒకరు విజయవాడ, ఒకరు గుంటూరు అయితే మధ్యలో మంగళగిరి ఇద్దరికీ సమానం.

## మండపమా, రిజిస్ట్రారు ఆఫీసా

1954 ప్రత్యేక వివాహ చట్టం కింద అయితే ఇద్దరిలో ఒకరు కనీసం 30 రోజులుగా ఉంటున్న జిల్లాలో నోటీసు ఇవ్వాలి. 30 రోజులు ఆగాలి. ముగ్గురు సాక్షులు, సంతకాలు. నోటీసు ఇచ్చిన మూడు నెలల్లో పెళ్ళి జరగాలి, లేకపోతే మళ్ళీ మొదటికి. నోటీసు బయట అంటిస్తారు కాబట్టి ఇంట్లో తెలియకూడదనుకునే జంటలకు ఇది చిక్కు.

మండపమే అయితే ముహూర్తం రాత్రి రెండింటికి కాకుండా పగటిపూట పెట్టించుకోండి, అడిగితే పురోహితులు చూస్తారు. వీడియో లైట్లు మొహం మీదికి కాకుండా పక్కకు తిప్పమని ముందే చెప్పాలి. గట్టిమేళం అనగానే డోలు, సన్నాయి ఒక్కసారిగా లేస్తాయి. నురగ ఇయర్‌ప్లగ్‌లు తలపాగా కిందో, పూలజడ కిందో కనిపించవు. జీలకర్రా బెల్లం నడినెత్తిన తడిగా, జిగటగా చాలాసేపు ఉంటుంది. అది పడనివాళ్ళు వారం ముందు ఇంట్లో ఒకసారి పెట్టించుకుని చూడాలి, లేదా కింద తమలపాకు పెట్టమని పురోహితుణ్ణి అడగాలి. తలంబ్రాలు మెడ వెనక నుంచి చొక్కాలోకి జారతాయి. లోపల మెడ మూసిన బనీను వేసుకుంటే ఆ గరగర తప్పుతుంది. భోజనాల దగ్గర ప్రతి బంతికీ వెళ్ళి పలకరించాలని ఎవరో ఒకరు పట్టుబడతారు. రెండో బంతికి ఒకసారి వెళ్ళి, తాళం ఉన్న గదిలో అరగంట కూర్చోవడానికి ఆ తాళంచెవి ముందురోజే మీ దగ్గర పెట్టుకోండి.